మోకాళ్ల అరుగుదల నొప్పికి ఆక్యుపంక్చర్: ఎవరికి, దేని తరువాత, ఎంతకాలం

మోకాలి కీలు అరిగి నొప్పితో బాధపడే మనిషికి గోదావరి డెల్టాలో ఈనాడు చికిత్సల కొరత లేదు. మందుల షాపులో నొప్పి బిళ్లలు దొరుకుతాయి, ఊళ్లో ఆర్‌ఎంపీ సూదిమందు వేస్తాడు, పట్టణంలో ఫిజియోథెరపీ క్లినిక్కు ఉంటుంది, ఎముకల డాక్టరు కీలులోకి ఇంజెక్షన్ ఇస్తానంటారు, రాజమహేంద్రవరమో కాకినాడో వెళితే మోకీలు మార్పిడి ఆపరేషనూ చేస్తారు. వీటన్నిటి మధ్యకు, ఒంట్లో కొన్ని చోట్ల సన్నని సూదులు గుచ్చి నొప్పి తగ్గించే ఆక్యుపంక్చర్ కూడా వచ్చి చేరింది. బంధువుల్లో ఒకరు సూదులు పెట్టించుకున్నాక హాయిగా నడుస్తున్నామని చెబుతారు, మరొకరు డబ్బు దండగ అయిందని చెబుతారు, ఎవరి మాట వినాలో తెలియక నొప్పి ఉన్న మనిషి ఏడాది గడిపేస్తాడు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మోకాలి అరుగుదలకు తొడ కండరాలను బలపరిచే వ్యాయామం, బరువు ఎక్కువ ఉన్నవారికి బరువు తగ్గడం మొదటి చికిత్స. పూసుకునే నొప్పి మందు దాని పక్కన ఉండాలి. ఆక్యుపంక్చర్ ఆ తరువాత వచ్చే సహాయక చికిత్స. బీపీ, కిడ్నీ, కడుపులో పుండు వంటి కారణాల వల్ల నొప్పి బిళ్లలు వాడకూడని పెద్దవారికి అది పరీక్షించి చూడదగ్గదే, కానీ గడువు పెట్టుకుని చూడాలి. కీలు బాగా వంగిపోయి ఆపరేషన్ దశకు వచ్చినవారు మాత్రం సూదుల మీద ఆశ పెట్టుకుని కాలం పోగొట్టుకోకూడదు.

ముందు జబ్బు ఏదో తేల్చుకోవాలి

మోకాలు నొప్పి పెట్టిన ప్రతివారికీ గుజ్జు అరిగిపోయిందనుకోవడం పొరపాటు. అరుగుదల నొప్పి సాధారణంగా నలభై అయిదు, యాభై దాటినవారికి నెమ్మదిగా మొదలవుతుంది, నడిచినప్పుడూ మెట్లు దిగినప్పుడూ ఎక్కువై కూర్చుంటే తగ్గుతుంది, పొద్దున లేవగానే ఉండే బిగువు అరగంటలోపు సడలుతుంది. ఆ బిగువు గంటకు పైగా ఉంటూ చేతి వేళ్ల కీళ్లు కూడా వాస్తే అది కీళ్లవాతం కావచ్చు, దానికి వేరే మందులు ఉన్నాయి, ఆలస్యమైతే కీళ్లు శాశ్వతంగా దెబ్బతింటాయి. జ్వరంతో పాటు వచ్చి, అది తగ్గాక కూడా వదలని కీళ్ల నొప్పులు చికున్‌గున్యావి కావచ్చు. మోకాలు ఒక్కసారిగా ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉంటే కీలులో చీము పట్టిందేమోనని అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఈ స్థితుల్లో దేనికీ ఆక్యుపంక్చర్ క్లినిక్కు మొదటి మెట్టు కాకూడదు. ఒకసారి ఎముకల డాక్టరుకు చూపించుకుని, జబ్బు పేరు తెలుసుకుని, ఆ తరువాతే దారి ఎంచుకోవడం మంచిది.

ఎక్స్‌రే విషయంలో ఒక మాట. ఎక్స్‌రేలో అరుగుదల ఎంత కనిపిస్తే నొప్పి అంత ఉండాలని నియమం లేదు. ఎముకల మధ్య సందు బాగా తగ్గినా పొలం గట్ల మీద తిరిగేవారున్నారు, సందు ఫరవాలేదన్నా మంచం దిగలేనివారున్నారు. అందువల్ల ఫిల్ము చూసి భయపడి చికిత్స ఎంచుకోవడం కంటే, రోజులో ఏ పని ఆగిపోతోందో చూసి ఎంచుకోవడమే సరైన పద్ధతి.

పరీక్షల్లో ఏమి తేలింది

ఆక్యుపంక్చర్‌ను ఇతర చికిత్సలతో పోల్చేముందు దానిని దానితోనే, అంటే అసలు సూదులను నకిలీ సూదులతో, పోల్చి చూసిన పరీక్షల సంగతి తెలియాలి. నకిలీ పద్ధతిలో చర్మం లోపలికి దిగని సూదిని ఆనించడమో, శాస్త్రం చెప్పని చోట పైపైన గుచ్చడమో చేస్తారు, రోగికి ఆ తేడా తెలియనివ్వరు. అమెరికాలో 570 మందితో జరిగి 2004లో వెలువడిన పరీక్షలో, 26 వారాల చివర అసలు సూదులు పొందినవారికి నకిలీ సూదులవారి కంటే నొప్పి కొంత ఎక్కువగా తగ్గింది. జర్మనీలో వెయ్యికి పైగా రోగులతో జరిగి 2006లో వెలువడిన పెద్ద పరీక్ష మరోలా తేల్చింది. అందులో అసలు సూదులవారిలో 53 శాతం మంది, నకిలీ సూదులవారిలో 51 శాతం మంది తగినంత మెరుగుపడ్డారు. సూదులు లేకుండా డాక్టరు సంప్రదింపులూ ఫిజియోథెరపీ, నొప్పి మందులూ పొందినవారిలో ఆ సంఖ్య 29 శాతమే.

ఈ మూడు అంకెలను కలిపి చదవాలి. సూదులు పెట్టించుకున్నవారికి మేలు జరిగిన మాట నిజం. ఆ మేలులో ఎక్కువ భాగం సూది ఏ బిందువులో దిగిందన్నదాని వల్ల కాక, వారానికి రెండుసార్లు ఒకరు శ్రద్ధగా చూడటం, అరగంట విశ్రాంతి, తగ్గుతుందన్న నమ్మకం వీటివల్ల వచ్చినట్లుందన్న మాట కూడా నిజమే. 2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో, 282 మందిలో, 12 వారాలకు సూదులు గానీ, సూదుల బదులు అవే బిందువుల మీద పెట్టే లేజర్ కాంతి గానీ నకిలీ లేజర్ కంటే మెరుగని తేలలేదు. 2021లో చైనా నుంచి వచ్చిన పరీక్షలో 480 మందికి వారానికి మూడుసార్ల చొప్పున ఎనిమిది వారాలు చికిత్స చేస్తే, సూదులకు స్వల్ప కరెంటు కలిపిన పద్ధతిలో 60 శాతం, చేతితో తిప్పే పద్ధతిలో 58.6 శాతం, నకిలీ పద్ధతిలో 47 శాతం మంది మెరుగుపడ్డారు. అంటే చికిత్స తరచుగా, సంపూర్ణంగా జరిగినప్పుడు కొంత అసలు ఫలితం కనబడుతోంది, కానీ ఆ తేడా పెద్దది కాదు.

అందుకే వైద్య సంస్థలు ఒక్క మాట మీద లేవు. అమెరికా కీళ్ల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో షరతులతో సిఫారసు చేసింది. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శక సంస్థ నైస్ 2022లో అరుగుదల నొప్పికి ఆక్యుపంక్చర్ ఇవ్వవద్దని చెప్పింది. ఇద్దరూ దాదాపు అవే పరీక్షలు చదివారు. నకిలీ సూదితో ఉన్న తేడాను చూసినవారికి అది చాలలేదు, హాని తక్కువగా ఉండి రోగి కోరుకుంటే ఫరవాలేదనుకున్నవారు అనుమతించారు. ఒక్క విషయంలో మాత్రం అభిప్రాయభేదం లేదు: అరిగిన గుజ్జును సూదులు తిరిగి పెంచవు. గుజ్జు మళ్లీ పుడుతుందని ఎక్కడైనా బోర్డు మీద రాసి ఉంటే ఆ క్లినిక్కు వద్దని నా సలహా.

వ్యాయామంతో పోలిస్తే

అసలైన పోలిక ఇదే, అందుకే దీనికి ఎక్కువ చోటిస్తున్నాను. బ్రిటన్‌లో 352 మందితో జరిగి 2007లో వెలువడిన పరీక్షలో, సలహా, వ్యాయామం పొందుతున్నవారికి ఆక్యుపంక్చర్ అదనంగా కలిపితే నొప్పిలో అదనపు మేలు ఏమీ కనిపించలేదు. వ్యాయామం సరిగా చేస్తున్నవారికి సూదుల అవసరం తక్కువని దీన్నిబట్టి అర్థమవుతుంది. వ్యాయామం చేయలేనంత నొప్పి ఉన్నవారికి, మొదటి రెండు మూడు వారాలు కాలు కదిలించగలిగేలా నొప్పిని తగ్గించడానికి సూదులు సాయపడితే, ఆ సాయాన్ని తీసుకోవచ్చు. సిట్టింగు అయ్యాక నొప్పి తగ్గిన ఆ ఒకటి రెండు రోజులూ విశ్రాంతిగా గడిపేయకుండా తొడ వ్యాయామం మొదలుపెట్టినవారికే ఆక్యుపంక్చర్ ఖర్చు సార్థకమవుతుంది.

ఇంట్లో చేసుకోదగ్గ వ్యాయామాలు కష్టమైనవి కావు. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద మడిచిన తువ్వాలు పెట్టి, ఆ తువ్వాలును మోకాలితో కిందికి నొక్కి అయిదారు సెకన్లు ఉంచి వదలాలి. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలిని మోకాలు వంచకుండా జానెడు, మూరెడు ఎత్తి ఆపాలి. గట్టి కుర్చీలో కూర్చుని చేతులు ఆనించకుండా లేచి కూర్చోవాలి, మొదట్లో కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకుంటే తేలిక. చేస్తున్నప్పుడు కొద్దిగా నొప్పి రావడం సహజం, మరునాటికి అది ఎక్కువై వాపు వస్తే మోతాదు తగ్గించాలి. పది పన్నెండు వారాలు ఆగకుండా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. చాలామంది మూడో వారంలోనే మానేస్తారు, అక్కడే సూదులు గెలిచినట్లు కనిపిస్తాయి.

బరువు సంగతి కూడా దీనిలో భాగమే. ఒక కిలో బరువు తగ్గితే నడకలో ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం దాదాపు నాలుగు కిలోలు తగ్గుతుందని పరిశోధనల్లో కొలిచి చూశారు. మూడు పూటలా అన్నమే తినే మన డెల్టాలో, ఒక పూట అన్నం సగానికి తగ్గించి ఆ చోట కూర, పప్పు, చేప పెంచుకోవడం చాలామందికి సాధ్యమే. ఏ సూదికీ ఇంత స్థిరమైన ఫలితం లేదు.

బిళ్లలు, పూతలు, ఇంజెక్షన్లు

డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి బిళ్లలు నొప్పిని ఆక్యుపంక్చర్ కంటే త్వరగా, నమ్మకంగా తగ్గిస్తాయి. అయితే అవి కడుపులో పుండ్లు పెడతాయి, బీపీ పెంచుతాయి, మూత్రపిండాల మీదా గుండె మీదా భారం వేస్తాయి, వయసు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతుంది. నాట్ల రోజుల్లో పొద్దునొకటి, రాత్రొకటి మింగి పనికి వెళ్లే కూలీలు డెల్టా అంతటా ఉన్నారు, వారిని తప్పుపట్టడానికి లేదు, కూలి ఆగితే ఇల్లు గడవదు. కానీ నెలల తరబడి డాక్టరు చూపు లేకుండా వాడకూడదు. అదే మందు పూతగా, జెల్ రూపంలో వాడితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. మోకాలు చర్మానికి దగ్గరగా ఉన్న కీలు కాబట్టి పూత బాగానే పనిచేస్తుంది. నా లెక్కలో సూదుల కంటే ముందు ప్రయత్నించవలసింది ఈ జెల్‌ను, అదీ ఏదో ఒకసారి రాసి వదిలేయకుండా రెండు మూడు వారాలు రోజూ సరైన మోతాదులో.

ఊళ్లో పేరు లేని పొట్లాల్లో ఇచ్చే పొడులతో రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించకండి, అనుమానించండి. అటువంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన ఉదంతాలు వైద్యులకు కొత్త కాదు. ముఖం ఉబ్బడం, షుగరు పెరగడం, ఎముకలు గుల్లబారడం దాని పర్యవసానాలు.

కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ బాగా వాచి నొప్పి చేసిన మోకాలికి కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. 2017లో వెలువడిన పరీక్షలో మూడు నెలలకొకసారి చొప్పున రెండేళ్లు ఇస్తే, ఉప్పునీటి ఇంజెక్షన్ కంటే నొప్పి తగ్గకపోగా గుజ్జు ఎక్కువగా తరిగింది. 2020లో మరో పరీక్షలో ఫిజియోథెరపీ తీసుకున్నవారు ఏడాది చివర స్టెరాయిడ్ ఇంజెక్షన్ తీసుకున్నవారి కంటే మెరుగ్గా ఉన్నారు. రోగి రక్తమే తీసి, అందులోంచి ప్లేట్‌లెట్లున్న భాగాన్ని వేరుచేసి కీలులోకి ఎక్కించే పీఆర్‌పీకి వేలల్లో ఖర్చవుతుంది, 288 మందితో జరిగి 2021లో వెలువడిన పరీక్షలో అది ఉప్పునీటిని మించలేదు. ఆ డబ్బు పీఆర్‌పీకి పెట్టాలా, ఆక్యుపంక్చర్‌కు పెట్టాలా అని ఎవరైనా అడిగితే ఆక్యుపంక్చర్ అనే చెబుతాను, కనీసం కీలులోకి ఏదీ ఎక్కించరు.

సిట్టింగులో ఏమి జరుగుతుంది, ఏ పద్ధతి మేలు

రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలి కింద దిండు పెట్టి కాలు కొద్దిగా వంచి ఉంచుతారు. చిప్ప కింద గట్టిగా తగిలే స్నాయువుకు అటూ ఇటూ కనిపించే రెండు గుంటలు మొదటి బిందువులు. బయటివైపు గుంటకు నాలుగు వేళ్ల కింద మరొకటి, పిక్క లోపలివైపు ఒకటి, చిప్పకు పైన తొడ కండరంలో ఒకటి రెండు ఉంటాయి. సూది సుమారు పావు మిల్లీమీటరు మందం, ఇంజెక్షన్ సూదిలో సగం కూడా ఉండదు, లోపల బోలుగా ఉండదు, దానిలో మందేమీ ఉండదు. దిగేటప్పుడు చీమ కుట్టినట్లు ఉండి, కొంచెం లోతుకు వెళ్లాక బరువుగా, లాగినట్లు, తిమ్మిరిగా అనిపిస్తుంది. ఆ బరువు రావాలనే వైద్యుడు సూదిని మెల్లగా తిప్పుతాడు. మంట గానీ కరెంటు షాకు కొట్టినట్లు గానీ ఉంటే వెంటనే చెప్పాలి. ఇరవై నుంచి ముప్పై నిమిషాల తరువాత తీసేస్తారు.

చేతితో తిప్పే పద్ధతి కంటే సూదులకు క్లిప్పులు తగిలించి స్వల్ప కరెంటు ఇచ్చే పద్ధతికే కొంత ఎక్కువ ఆధారం ఉంది, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం దాన్ని వద్దనాలి. లేజర్‌కు డబ్బు పెట్టవద్దు. ఆకుముద్దతో వేడి పెట్టే పద్ధతిని షుగరు వల్ల కాళ్లు మొద్దుబారినవారు దగ్గరకు రానీయకూడదు, కాలింది తెలియక పుండు పడుతుంది.

మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. గోదావరి జిల్లాలు బోదకాలు జబ్బు పాతుకుపోయిన ప్రాంతం. బోదకాలు వల్ల వాచిన కాలికి చిన్న గాయమైనా చీము, జ్వరం, కాలు ఎర్రబారడం తెస్తుంది, అటువంటి కాలికి సూదులు పెట్టించకూడదు. రక్తం పలచబరిచే మందులు వాడేవారు, మోకీలు ఇప్పటికే మార్పించుకున్నవారు కూడా డాక్టరును అడగకుండా పెట్టించుకోకూడదు.

1938లో చైనాకు వెళ్లిన భారత వైద్య బృందంలో ఒకరైన డాక్టర్ బిజయ్ కుమార్ బసు ఆక్యుపంక్చర్‌ను తరువాత నేర్చుకుని 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2019లో ఆక్యుపంక్చర్‌ను స్వతంత్ర చికిత్సా పద్ధతిగా గుర్తించింది. అయినా గోడ మీద సర్టిఫికెట్లన్నీ ఒకటి కావు. ఎక్కడ, ఎన్నాళ్లు చదివారో అడగండి, ఎంబీబీఎస్, ఫిజియోథెరపీ, ప్రకృతి వైద్యం వంటి అర్హత కూడా ఉందా చూడండి. సూదుల ప్యాకెట్టు మీ కళ్లముందు చింపాలి, వాడినవి డబ్బాలో పడాలి, ఉడకబెట్టి మళ్లీ వాడేచోట నుంచి లేచి వచ్చేయండి. బీపీ, షుగరు మందులు మానేయమని చెప్పేవారి దగ్గరకు ఏ జబ్బుకూ వెళ్లకండి.

దూరం కూడా ఖర్చే

సఖినేటిపల్లి లంకలో ఉండే అరవై ఏళ్ల మనిషి భీమవరంలో సిట్టింగులకు వెళ్లాలంటే ముందు రేవు దాకా ఆటో, అక్కడ గోదావరి దాటించే పంటు, నరసాపురంలో దిగి మళ్లీ ఆటో, ఆపైన బస్సు. తిరిగి అంతా ఇదే వరస. వారానికి రెండుసార్లు ఎనిమిది వారాలంటే పదహారు ప్రయాణాలు, తోడు వచ్చే కొడుకుకో కోడలికో పదహారు రోజుల పని పోతుంది. బస్సు మెట్లు ఎక్కి దిగడమే ఆ మోకాలికి పెద్ద పరీక్ష. అమలాపురంలోనో పాలకొల్లులోనో ఇంటికి పావుగంట దూరంలో క్లినిక్కు ఉన్నవారికి చెప్పే సలహా ఆయనకు చెప్పలేము. ఆయన నాలుగైదుసార్లు ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లి వ్యాయామం సరిగా నేర్చుకుని ఇంట్లో చేసుకోవడం, నొప్పి కాలికి ఎదురు చేతిలో కర్ర పట్టుకోవడం, నేల మీద పీట వదిలి కుర్చీ, బల్ల, ఎత్తయిన మరుగుదొడ్డి సీటు అమర్చుకోవడం వీటికే ఆ డబ్బు వెచ్చించాలి. నరసాపురం వైపు లేసు అల్లే స్త్రీలకూ ఇదే చెబుతాను. నేల మీద కూర్చోవడం మాని కుర్చీలో అల్లడం అలవాటు చేసుకుని, అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేస్తే, సిట్టింగుల అవసరమే చాలామందికి తగ్గుతుంది.

వ్యవసాయపు పని ఉన్నవారు సార్వా, దాళ్వా నాట్ల నెలలు తప్పించి చికిత్స మొదలుపెట్టుకోవాలి. పొద్దంతా బురదలో వంగి సాయంత్రం సూదులు పెట్టించుకుంటే ఫలితం ఉందో లేదో కూడా తెలియదు.

ఆపరేషన్ దశలో

కాలు దొడ్డిగా వంగిపోయి, రాత్రి నిద్ర పట్టక, ఇంటి చుట్టూ కూడా తిరగలేని స్థితిలో, వ్యాయామం, మందులు ఆరు నెలలు వాడినా ఫలితం లేకపోతే మోకీలు మార్పిడిని మించినది లేదు. 2015లో వెలువడిన డెన్మార్క్ పరీక్షలో ఆపరేషన్‌తో పాటు ఇతర చికిత్స పొందినవారికి, ఆపరేషన్ లేకుండా చికిత్స పొందినవారి కంటే నొప్పి స్పష్టంగా ఎక్కువ తగ్గింది, తీవ్రమైన ఉపద్రవాలూ ఎక్కువే వచ్చాయి. అదే పరీక్షలో ఆపరేషన్ లేని గుంపులో నాలుగింట మూడు వంతుల మంది ఆ ఏడాది ఆపరేషన్ దాకా వెళ్లలేదు, కాబట్టి తొందరా అక్కరలేదు, భయమూ అక్కరలేదు. కృత్రిమ కీళ్ల ధరలకు కేంద్రం 2017లో గరిష్ఠ పరిమితి పెట్టింది. ప్రభుత్వ పథకం కింద ఏది వర్తిస్తుందో ఆసుపత్రిలోనే అడిగి తెలుసుకోవాలి. దుర్బీను పెట్టి కీలు లోపల శుభ్రం చేసే చిన్న ఆపరేషన్ అరుగుదలకు పనికిరాదని 2002లోనే నకిలీ ఆపరేషన్‌తో పోల్చి తేల్చారు.

మొదలుపెడితే ఎలా ముగించాలి

ఆక్యుపంక్చర్ ఎంచుకున్నవారు మొదటి రోజే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోవాలి: ఆగకుండా ఎంత దూరం నడవగలరు, కుర్చీలోంచి చేయి ఆనించకుండా అర నిమిషంలో ఎన్నిసార్లు లేవగలరు, వారానికి ఎన్ని నొప్పి బిళ్లలు వేసుకుంటున్నారు. నొప్పి ఎంతుందని మనసునడిగితే ఆ రోజు మనసును బట్టి జవాబొస్తుంది, ఈ మూడూ అలా మారవు. పది సిట్టింగుల డబ్బు ముందే కట్టమంటే ఒప్పుకోకుండా సిట్టింగుకొకసారి ఇస్తామని చెప్పాలి. ఆరు నుంచి ఎనిమిది సిట్టింగుల తరువాత ఆ కాగితం తీసి పోల్చాలి. మూడింటిలో రెండు కూడా మెరుగుపడకపోతే, ఇంకో కోర్సు పూర్తయితే తగ్గుతుందన్న మాట వినకుండా ఆపేసి, ఆ కాగితం పట్టుకుని ఎముకల డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మెరుగుపడితే పన్నెండు దాకా కొనసాగించి, తరువాత వ్యాయామం మీదే మూడు నెలలు ఉండి చూడాలి. ఆ మూడు నెలల్లో నొప్పి తిరగబెట్టినవారు మాత్రమే నాలుగైదు సిట్టింగులు మళ్లీ తీసుకోవచ్చు.